పెద్ద టీవీ కొనీసినాం.. బాగుచేసేదెవులు?

2025 దసరాకి శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస వచ్చే ఆటోల్లో మనుషులకన్నా అట్టపెట్టెలే ఎక్కువ కనపడినాయి. నాలుగడుగులు దాటిన పొడుగు పెట్టె. లోపల అడ్డంగా పట్టదు, పడుకోబెట్టకూడదని షాపోడు మరీ మరీ చెప్పినాడు. అందుకని వెనకాల ఇద్దరు కూచుని చెరో కొసా పట్టుకుంటారు. డ్రైవరు గోతి కనపడితే చాలు, బ్రేకు మీద కాలేస్తాడు. అందులో ఒక పెట్టె మాదే. 55 అంగుళాల టీవీ.

అప్పుడు మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఇదేట్రా, సినిమాహాలు ఇంటికి తెచ్చీసినావు" అంది. ఇప్పుడు అదే టీవీ గురించి అడిగితే ఇంకో మాట చెప్తంది. ఆ మాట ఆఖర్న చెప్తాను. ముందు లెక్క చూద్దాం. మన జిల్లాలో ఎన్నో ఇళ్ళలో ఇదే లెక్క నడుస్తంది మరి.

పన్ను తగ్గింది, నిజమే

2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం జరిగింది. 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి దించినారు. కొత్త రేటు సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజే నవరాత్రులు మొదలు. చెల్లింపులు చేసే చేతికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఎవులు పెడతారు?

ఇక్కడ ఒక సంగతి గమనించాల. 32 అంగుళాల దాకా ఉన్న టీవీల మీద పన్ను 2019 జనవరి 1 నుంచే 18 శాతం. అంటే 2025లో చిన్న టీవీ కొన్నోడికి కొత్తగా మిగిలింది ఏటీ లేదు. తగ్గిందంతా పెద్ద టీవీకే. "ఎలాగూ తగ్గింది కదా, ఇంకో సైజు పెద్దది తీసుకోండి" అని షాపులో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాల?

28 నుంచి 18 అంటే 10 శాతం తగ్గిందని అందరం అనుకున్నాం. అలగ కాదు. అసలు ధర 100 అయితే అప్పుడు 128 కట్టీవోళ్ళం, ఇప్పుడు 118 కడతాం. చేతిలోంచి పోయే డబ్బులో తగ్గింది దాదాపు 7.8 శాతం. మేం చూసిన టీవీ అంతకుముందు 48,000. పన్ను తగ్గినాక 44,250. మిగిలింది 3,750 రూపాయలు. ఇది తక్కువేం కాదు. మా తమ్ముడు విశాఖలో చేసే పనికి నాలుగైదు రోజుల కూలి.

సోకని తీసిపారీకండి

పెద్ద టీవీ అనగానే "తిండికి లేదు గానీ సోకులు" అనేవోళ్ళు మన ఊళ్ళో ఎప్పుడూ ఉంటారు. నాకు ఆ మాట నచ్చదు. మా అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది. పాత 32 అంగుళాల టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు కనపడవు. వార్తల్లో ఏటి రాసినారో పక్కోళ్ళని అడగాల. పిల్లలు ఊళ్ళో ఉండరు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడినాక ఆమదాలవలసలో పని దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. ఒకడు విశాఖ, ఒకడు హైదరాబాదు, ఇంకొకడు చెన్నై. ఇంట్లో మిగిలింది పెద్దోళ్ళు. ఆళ్ళకి సాయంత్రం ఆరు నుంచి పది దాకా తోడు టీవీయే. కొడుకు వీడియో కాల్‌లో నాలుగడుగుల తెర మీద కనపడితే, ఆ తల్లికది సోకా?

అక్టోబరు 9న, 12న విశాఖ స్టేడియంలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు జరిగినాయి. మన ఆడపిల్లలు రెండూ ఓడిపోనారు. అయినా వీధిలో గుంటలందరూ మా ఇంట్లోనే. కడప జిల్లా పిల్ల శ్రీచరణి బంతి వేస్తంటే మా పక్కింటి ఎనిమిదో తరగతి గుంట తెర దగ్గరకెళ్ళి, చెయ్యి ఎలగ తిప్పతందో చూసింది. పెద్ద తెర అక్కరకొచ్చింది అక్కడ.

కాబట్టి కొనాలా వద్దా అన్నది ఎవరింటి సంగతి ఆళ్ళది. నా గొడవ వేరే. కొన్నాక దానితో బతకాల కదా, ఆ బతుకు లెక్క ఎవులూ చెప్పరు.

గోడ, కేబులు, కరెంటు

55 అంగుళాలంటే మూల నుంచి మూలకి కొలత. అడ్డంగా నాలుగడుగులు, నిలువు రెండుంపావు. 32 అంగుళాల దానితో పోలిస్తే తెర వైశాల్యం దాదాపు మూడింతలు. షాపులో అది చిన్నదిగా కనపడతది. ఎందుకంటే అక్కడ పక్కన 75 అంగుళాలది పెట్టి ఉంచుతారు, పైన కప్పు ఎత్తుగా ఉంటది. ఇంటికొచ్చినాక తెలుస్తది. ప్రభుత్వం పేదోళ్ళకి కట్టించిన 340 చదరపు అడుగుల ఇల్లు తలుచుకోండి. అందులో హాలెంత, మంచమెక్కడ, టీవీ ఎక్కడ? ఈ సైజుకి కనీసం ఆరేడు అడుగుల దూరంలో కూచుంటే గానీ కళ్ళకి సుఖం ఉండదు. మా ఇంట్లో గోడ మీదున్న దేవుడి పటాలు పక్క గదిలోకి ఎళ్ళినాయి. మంచం అడ్డం తిరిగింది. తలుపు సగమే తెరుచుకుంటంది.

రెండోది బొమ్మ. కేబుల్లో వచ్చే మామూలు ఛానల్‌కి సుమారు నాలుగు లక్షల చుక్కలుంటాయి. ఫోర్‌కే తెరలో 83 లక్షల చుక్కలు. ఒక చుక్కని ఇరవై చుక్కలుగా సాగదీస్తది టీవీ. షాపులో అద్దంలా మెరిసింది ఇంట్లో మసకగా ఉందేటని మేం మొదటిరోజే ఫోన్ చేసినాం. టీవీ తప్పేం లేదు. షాపులో ఆడేది దాని కోసమే తీసిన వీడియో. మనింట్లో ఆడేది సీరియలు. హెచ్‌డీ ఛానళ్ళు వేయించుకుంటే బొమ్మ బాగుపడతది, నెలవారీ బిల్లు పెరుగుతది. సెల్‌ఫోన్ నెట్ పెట్టుకుని చూద్దామంటే, హెచ్‌డీలో గంట సినిమాకి దాదాపు 3 జీబీ లాగేస్తది. రోజుకి రెండు జీబీల ప్యాకుతో ఇంటర్వెల్ దాకా కూడా రాదు. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలెట్టినప్పుడు నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. ఆ మాటకి అంత ఆదరణ ఎందుకొచ్చిందో పెద్ద టీవీ కొన్నాక బాగా అర్థమవుతది. టీవీ ఒక్కసారి కొంటాం, దానికి మేత నెల నెలా వెయ్యాల.

మూడోది కరెంటు. దీని గురించి భయపెట్టేవోళ్ళు ఎక్కువ గానీ, లెక్క అంత ఘోరంగా లేదు. ఈ సైజు టీవీ 120 వాట్ల దాకా తీసుకుంటదనుకుందాం. రోజుకి ఐదు గంటలు నడిస్తే నెలకి 18 యూనిట్లు. పాత చిన్న టీవీకి ఆరేడు యూనిట్లు అయ్యీవి. అంటే పెరిగింది సుమారు 12 యూనిట్లు. మన టారిఫ్‌లో 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్ 4.50, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. మా ఇంటి వాడకం సరిగ్గా 120 దగ్గర ఉండేది. అయిదు యూనిట్లు పాత రేటుకి, ఏడు యూనిట్లు కొత్త రేటుకి పోనాయి. సర్దుబాటు చార్జీలు కాకండా నెలకి 65 రూపాయలు. ఒక పూట టిఫిన్ ఖర్చు. పెట్టె మీద స్టార్ లేబుల్‌లో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసుంటది, అది చదివి కొనండి. అంతకు మించి దీనికి గాబరా పడక్కర్లేదు.

వడ్డీ లేని కంతు

గాబరా పడాల్సింది అప్పు దగ్గర. షాపులో అందరికీ ఒకటే మాట, "నో కాస్ట్ ఈఎంఐ సార్, వడ్డీ లేదు". 44,250ని తొమ్మిది నెలలకి పంచినారు. నెలకి 4,917. వడ్డీ కనపడలేదు, నిజమే. మా బావ ఊరికే ఉండక, "డబ్బులన్నీ ఒకేసారి ఇచ్చీస్తే ఎంతకిస్తావు?" అని అడిగినాడు. షాపోడు లెక్కల మిషను నొక్కి 41,250 అన్నాడు.

ఆ తేడా 3,000 ఏటి? అదే వడ్డీ. 41,250 సరుకు తీసుకుని తొమ్మిది నెలలు 4,917 చొప్పున కడితే, ఏడాదికి దాదాపు 17 శాతం వడ్డీ కట్టినట్టు. వడ్డీకి డిస్కౌంటు అని పేరు మార్చి, అది మనకి రాకండా చేసినారు, అంతే. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే చెప్పింది. పేరు మారింది, పని మారలేదు.

ఇప్పుడు పన్ను దగ్గరికి రండి. ప్రభుత్వం తగ్గించింది 3,750. కంతులో పోనాది 3,000. మిగిలిన 750లోంచి ప్రాసెసింగ్ ఫీజు. చివరికి జీఎస్టీ తగ్గింపు ఎవరింటికి ఎళ్ళింది? ఒకేసారి డబ్బులు పెట్టగలిగినోడికి దక్కింది. కంతు మీద బతికేవోడికి దక్కింది టీ ఖర్చు.

దీనికి చట్టంలో మందు లేక కాదు. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాటి అప్పులన్నిటికీ ముందుగా ఒక కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. మొత్తం ఖర్చులన్నీ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడతందో అందులో రాయాల. అప్పు తీసుకునేవోడికి అర్థమయ్యే భాషలో ఉండాల. ఆలోచించుకోడానికి కనీసం మూడు పనిదినాలు గడువుండాల. షాపులో మాకు దొరికింది పది నిమిషాలు, మూడు ఓటీపీలు. కాగితం ఫోన్‌లోకి వచ్చింది, ఇంగ్లీషులో. మా అమ్మ పేరు మీద అప్పు, మా అమ్మకి తెలుగు తప్ప రాదు. "అమ్మా, ఇక్కడ నొక్కండి" అన్నాడు కుర్రోడు. నొక్కింది. మేం కూడా ఆపలేదు, పండగ హడావుడిలో ఉన్నాం. ఆ తప్పు మాదే.

పిడుగు వారంటీలో లేదు

అక్టోబరు ఆఖరి వారంలో ఒక వాన రాత్రి దగ్గర్లోనే పిడుగు పడింది. టీవీ కట్టే ఉంది గానీ ప్లగ్గు తియ్యలేదు, డిష్ వైరూ తియ్యలేదు. పొద్దున్న స్విచ్చేస్తే మాట వస్తంది, బొమ్మ లేదు. నల్లటి తెర. కొని నెల తిరగలేదు.

కంపెనీకి ఫోన్ చేసినాం. పదకొండో రోజుకి మనిషొచ్చినాడు. తప్పు ఆ కుర్రోడిది కాదు, ఒక్కడు ఎన్ని మండలాలు తిరగాలో. చూసి, ప్యానల్, బోర్డు రెండూ పోనాయి, 31,000 అవుతదన్నాడు. ఏడాది వారంటీ ఉంది కదా అన్నాం. పిడుగులు, వోల్టేజి దెబ్బలు వారంటీలోకి రావని కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో చూపించినాడు. మా అమ్మకి కనపడనివి అలాటి అక్షరాలే.

44,250 టీవీకి 31,000 రిపేరు. ఈలోగా నవంబరు కంతు బ్యాంకులోంచి ఎళ్ళిపోనాది. టీవీ ఆగిపోనా కంతు ఆగదు. నవంబరు 2న నవీ ముంబైలో మన ఆడపిల్లలు దక్షిణాఫ్రికాని 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్ ఎత్తినారు. ఆ రాత్రి మా హాలు గోడ మీద నాలుగడుగుల నల్ల పలక ఉంది. కప్పు ఎత్తడం మేం పక్కింట్లో పాత టీవీలో చూసినాం.

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాల. ఒకప్పుడు హైదరాబాదు ఈసీఐఎల్ ఫ్యాక్టరీలో చేసిన ఈసీ టీవీలు మన ఊళ్ళలో ఉండేవి. ఏది పోయినా ఊళ్ళో మెకానిక్ విప్పి, కాలిన ముక్క తీసి, కొత్త ముక్క అతికేవోడు. ఆఖరికి పిక్చర్ ట్యూబు కూడా మార్చీవోడు. ఇప్పటి టీవీలో ఖరీదైన భాగం ప్యానల్. గాజు పలకలు, వాటి మధ్య ద్రవం, అంచుల్లో సన్నటి చిప్‌లు అన్నీ కలిపి అతికేసి వస్తాయి. ఎక్కువగా చైనా నుంచి వస్తంది. టీవీ ధరలో పెద్ద వాటా దానిదే. అది పోతే బాగుచెయ్యడమంటూ ఉండదు, మార్చడమే. కాబట్టి టీవీ ధర ఎంత తగ్గినా, ప్యానల్ ఒక్కదాని ధర ఎంతో, ఎన్నేళ్ళు దొరుకుతదో కొనేటప్పుడు ఎవులూ చెప్పరు. అడిగినా తెలీదంటారు.

అయితే ప్యానల్ కాకండా లోపల పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, వెనక వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీలు ఉంటాయి. ఇవి కొద్ది వేలల్లో మారతాయి. మా ఊళ్ళో ట్యూబు టీవీల కాలం నుంచి ఉన్న మెకానిక్ దగ్గరకి ఎళ్ళినాం. ఆయన గదిలో లైటు ఆర్పి, టీవీ ఆన్ చేసి, తెర మీదకి ఏటవాలుగా టార్చి వేసినాడు. మసగ్గా బొమ్మ కదులుతంది. "ప్యానల్ బతికే ఉంది బావూ. ఎనక ఎలుగు నేదు, అంతే" అన్నాడు. మాట వచ్చి బొమ్మ రాకపోతే మీరూ ఇలగ చూడండి. మూత మాత్రం మీరు విప్పకండి, ప్లగ్గు తీసినా లోపల కరెంటు కాసేపు నిలిచి ఉంటది.

ఆయన ఇంకో మాటన్నాడు. "ఒకప్పుడు బాగుసెయ్యమని తెచ్చీవోరు. ఇప్పుడు బతికుందో సచ్చిందో సెప్పమని తెత్తన్నారు."

ఇప్పుడు మా ముందు రెండు దారులు. కంపెనీ ద్వారా 31,000. లేదా ఈయన దగ్గర 3,600, కానీ వెనకున్న స్టిక్కరు చింపితే మిగతా పదకొండు నెలల వారంటీ పోనాదే. రాత్రంతా ఇంట్లో తర్జనభర్జన. పొద్దున్న మా అమ్మే తేల్చీసింది. "పిడుక్కి రాని వారంటీ, ఎందుక్కి వస్తాది? ఇప్పించీ" అంది.

టీవీ వెలిగింది. ఎడమ పక్క కింద మూల కాస్త నీడ ఉంది. అలవాటైపోనాది.

ఇచ్చిన హామీలు, ఇవ్వని హామీ

తమిళనాడులో 2006 ఎన్నికల్లో డీఎంకే ఉచిత కలర్ టీవీ అని గెలిచి, ఇచ్చింది. 2009లో మన దగ్గర తెలుగుదేశం కూడా పేదోళ్ళకి కలర్ టీవీ ఇస్తామని మేనిఫెస్టోలో పెట్టింది, ఆ ఎన్నిక ఓడిపోయింది. 2025లో కేంద్రం పన్ను తగ్గించి కొనుక్కోమంది. ఒకరు ఇస్తామన్నారు, ఒకరు చవగ్గా కొనుక్కోమన్నారు. ఇరవై ఏళ్ళలో టీవీ చుట్టూ ఇంత రాజకీయం నడిచింది గానీ, పాడైతే ఏటి అన్న మాట ఎవరి నోటా రాలేదు.

రాలేదనడం కూడా పూర్తి నిజం కాదు. 2022 డిసెంబరు 24న కేంద్రం రైట్ టు రిపేర్ అని ఒక పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమ రిపేరు వివరాలు అందులో పెట్టాల, పెట్టకపోతే అడిగేవోడు లేడు. ఏ వస్తువు ఎంత సులువుగా బాగవుతదో మార్కులు వేసే సూచీ కోసం వేసిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ముందు వరసలో సెల్‌ఫోన్లు, ట్యాబ్‌లు ఉన్నాయి. టీవీ వంతు ఎప్పుడొస్తదో చూడాల.

నా మట్టుకు నేను కోరేవి మూడు. టీవీ పెట్టె మీద స్టార్ లేబుల్ ఎలగ ఉందో, అలగే ప్యానల్ ధర, అది ఎన్నేళ్ళు దొరుకుతదో రాయాల. కంతు కాగితం తెలుగులో ఇచ్చి, అసలు వడ్డీ శాతం పెద్ద అక్షరాల్లో చూపించకండా ఓటీపీ అడక్కూడదు. ఊళ్ళో మెకానిక్ విప్పినంత మాత్రాన, ఆయన ముట్టుకోని భాగాల వారంటీ కూడా కొట్టేసే పద్ధతి పోవాల. వీటికి ఖజానాలోంచి రూపాయి ఖర్చు లేదు. పన్ను తగ్గింపుకన్నా చవక.

అంతదాకా మన జాగ్రత్త మనది. కొనే ముందు గోడ మీద చాక్‌పీసుతో నాలుగడుగులు, రెండుంపావు గీసి, మంచం మీద కూచుని చూడండి. ఒకేసారి ఇస్తే ఎంత అని ముందు అడగండి, కంతు గురించి తర్వాత మాట్లాడండి. డబ్బాలో ఇచ్చిన కార్డు వెనక పక్క కూడా చదవండి. వారంటీలో ఉన్నదానికి కంపెనీ మొండికేస్తే 1915కి ఫోన్ చెయ్యండి. అక్కడా తేలకపోతే శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయిదు లక్షల లోపు సరుక్కి ఫీజు లేదు. కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా సరే, మీరుండే చోటే కేసు వేసుకోవచ్చని 2019 చట్టం చెప్తంది.

మన ఊరి రైలు స్టేషనుకి శ్రీకాకుళం రోడ్డు అని పేరు. పేరు పక్కూరిది, రైలు మనది. పెద్ద టీవీ సంగతి దానికి తిరగేసి. పెట్టె మన ఇంట్లోది, కంతు మనది, దాని ప్రాణం మాత్రం ఎక్కడో ఉన్న గోదాములో ఉంది.

ఇంకా కంతులున్నాయి. మొన్న సాయంత్రం పడమటి పక్క చిన్న మబ్బు పట్టింది. ఉరిమింది కూడా లేదు. సీరియలు మంచి రంజుగా ఉంది. మా అమ్మ లేచి ముందు ప్లగ్గు పీకింది, తర్వాత డిష్ వైరు పీకింది, దాన్ని చుట్టి గూట్లో పెట్టింది. "ఇంకా వానే రాలేదు కదే" అన్నాను.

"వానొస్తే నాను తడుస్తాను, అదేటి అవదు. ఇది తడవకండానే పోతాది" అంది.